ఖావ్ సాన్ దగ్గర నాలుగు రాత్రులు: ఏ పూట ఎక్కడ తినాలి?

మీరు అడిగింది ఇది: డిసెంబరులో నలుగురు బ్యాంకాక్ వెళ్తున్నారు, ఖావ్ సాన్ రోడ్డు పక్కనే నాలుగు రాత్రులు బస. ఒకరు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఇద్దరు కోడి, చేప, రొయ్య తింటారు గానీ పంది, గొడ్డు వద్దంటారు. నాలుగో ఆయనకు ఏదైనా సరే. భోజనం ఎక్కడ, కాఫీ ఎక్కడ?

హోటళ్ల పేర్ల కంటే ముందు గడియారం సంగతి చెప్పాలి. ఆ పేటలో నిజంగా బాగా వండే పాత కొట్లు చాలావరకు సాయంత్రం ఏడు, ఎనిమిది కల్లా గిన్నెలు కడిగేస్తాయి. రోడ్డు మీద పాటలు, దీపాలు, జనం మొదలయ్యేది ఆ తర్వాతే. పగలంతా గుళ్లూ రాజప్రాసాదమూ తిరిగి, గదికొచ్చి కాసేపు నడుం వాల్చి, తొమ్మిదింటికి ఆకలితో బయటికొస్తే మిగిలేది బార్ల ముందు నిలబెట్టిన బొమ్మల మెనూలే. పిజ్జా, ప్యాడ్ థై నూడుల్స్, గ్రీన్ కర్రీ అన్నీ ఒకే వంటింట్లోంచి, ఒకే రుచితో వస్తాయి. థాయ్ తిండి చప్పగా, తియ్యగా ఉందని తిరిగొచ్చి చెప్పేవాళ్లలో చాలామంది ఆ వేళకు, ఆ కుర్చీల్లో కూర్చుని తిన్నవాళ్లే. కాబట్టి రోజుకు ఒక అసలైన భోజనం పదకొండు నుంచి ఆరున్నర లోపు కానిచ్చేయండి. రాత్రికి చిరుతిండి, తీపి, చివర్లో గంజి అన్నం పెట్టుకోండి.

చోటు అర్థమైతే మిగతాది తేలిక. ఖావ్ సాన్ అంటే దంచిన బియ్యం. ఐదో రాముడు అనే థాయ్ రాజు కాలంలో, 1892లో వేసిన వీధి. బియ్యం వ్యాపారం సాగిన చోటు కాబట్టి ఆ పేరు. పొడవు నాలుగు వందల మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. పడమటి కొసన చక్రబోంగ్సే రోడ్డు, దాని అవతల వాత్ చనా సోంగ్‌ఖ్రామ్ గుడి. తూర్పు కొసన తనావ్ రోడ్డు. ఈ పేట మొత్తాన్ని బాంగ్‌లంఫూ అంటారు. గుడిని చుట్టుకుంటూ పోయే సందు సోయ్ రాంబుత్రీ, అక్కడ చెట్ల నీడ ఉంటుంది, మోత తక్కువ. ఇంకాస్త పడమరగా వెళ్తే నది వెంబడి ఫ్రా ఆథిత్ రోడ్డు. ఉత్తరాన కాలువ దాటితే సామ్‌సెన్ రోడ్డు. తూర్పు, దక్షిణ దిక్కుల్లో ప్రజాస్వామ్య స్మారకం, దిన్సో రోడ్డు, పెద్ద ఉయ్యాల (జెయింట్ స్వింగ్) స్తంభాలు. నేను చెప్పే చోట్లలో చాలావరకు నడిచి పదిహేను, ఇరవై నిమిషాల్లో చేరేవే.

ముందుగా మాంసాహారుల మధ్యాహ్న భోజనం. ఒక్క చోటికే వెళ్లగలిగితే దిన్సో రోడ్డులోని క్రువా అప్సోన్‌కు వెళ్లండి. ఖావ్ సాన్ తూర్పు కొస నుంచి పది, పన్నెండు నిమిషాల నడక. హంగులేమీ ఉండవు, ట్యూబులైట్లు, మామూలు బల్లలు. ఒంటిగంటకు ఆఫీసుల వాళ్లతో నిండిపోతుంది కాబట్టి పదకొండున్నరకో, రెండు దాటాకో వెళ్లాలి. ఆదివారం సెలవు. ముగ్గురికి మూడు వంటకాలు, అన్నం సరిపోతాయి: పీతమాంసం కూరిన మందపాటి ఆమ్లెట్, పసుపు మిరపకాయలతో వేయించిన పీతమాంసం, తామర కాడలు, రొయ్యలు వేసిన పుల్లటి పసుపుపచ్చ కూర. ఈ చివరిది మన పులుసుకు దగ్గర చుట్టం. చింతపండు పులుపు, మిరప ఘాటు రెండూ దాచుకోకుండా ముందుకొస్తాయి. కొబ్బరిపాలు అలవాటు లేని నాలుకకు థాయ్ వంటను పరిచయం చెయ్యడానికి ఇంతకంటే మంచి కూర లేదు. పీత వంటకాల వల్ల బిల్లు మనిషికి మూడు నుంచి ఐదు వందల బాత్‌ల దాకా వెళ్తుంది. బాత్‌ను సుమారు రెండున్నర నుంచి మూడు రూపాయలుగా లెక్కేసుకోండి.

ఇక్కడే ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. మెనూలో ఒంటరిగా ‘నుఅ’ అని ఉంటే గొడ్డుమాంసం. కానీ ఆ మాటకు మాంసం, కండ అన్న అర్థం కూడా ఉంది. ‘నుఅ పూ’ అంటే పీత కండ మాత్రమే. ఆ పేరు విని బెదిరి మంచి వంటకం వదులుకోకండి. పంది ‘మూ’, కోడి ‘కై’, చేప ‘ప్లా’, రొయ్య ‘కుంగ్’. వద్దని చెప్పడానికి ‘మై అవ్ మూ’, ‘మై అవ్ నుఅ’. మగవాళ్లు చివర ‘ఖ్రాప్’ అని, ఆడవాళ్లు ‘ఖా’ అని కలిపితే మర్యాద.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు పెద్ద సౌకర్యం ఉంది, వాడుకోండి. థాయ్‌లో కోడి ‘కై’, గుడ్డు ‘ఖై’. బాతు ‘పెత్’, కారం ‘ఫెత్’. ఒత్తు పలకనివాళ్లు గుడ్డు అడిగితే కోడి వస్తుంది, కారం అడిగితే వంటావిడ బాతు లేదంటుంది. మనకు క, ఖ తేడా అక్షరాల్లోనే ఉంది కదా, గట్టిగా ఒత్తి పలకండి. ‘ఫెత్’లో ఫ మాత్రం ఫోన్‌లో ఫ కాదు, ఫలంలో ఫ. పైపెదవి కిందిపెదవికి తగిలి విడిపోవాలి.

ఈ మాటలన్నీ పనికొచ్చే వంటకం ఫత్ కఫ్రావ్. కఫ్రావ్ అంటే మన తులసే. ఇంటి ముందు కోటలో పెరిగే ఆకుకు అక్కడ వంటింట్లో చోటు. రోటిలో వెల్లుల్లి, చిన్న ఘాటు మిరపకాయలు కచ్చాపచ్చాగా దంచుతారు. పొగలు కక్కే మూకుడులో నూనె వేసి ఆ ముద్ద వెయ్యగానే బండి చుట్టూ ఉన్నవాళ్లు దగ్గుతారు. ఆ దగ్గు రాకపోతే కారం తగ్గించి చేస్తున్నారని అర్థం. తరిగిన కోడిమాంసం, చేప సాస్, ఆయిస్టర్ (సముద్రపు గుల్ల) సాస్, చిటికెడు పంచదార, చివర్లో గుప్పెడు తులసి. ఆకు పడిన పావు నిమిషంలో దించెయ్యాలి, లేకపోతే వాసన ఎగిరిపోతుంది. మొత్తం మూడు నిమిషాల పని. అన్నం మీద వేసి, నూనె నిండుగా పోసి అంచులు కరకరలాడేలా వేయించిన గుడ్డు పెడతారు. దాని పేరు ఖై దావ్, నక్షత్రపు గుడ్డు. పళ్లెంలో రసం నిలబడితే, ఉల్లిపాయ, బేబీకార్న్ ముక్కలు కనిపిస్తే అది పర్యాటకుల కోసం కలిపిన కూర. సోంపు వాసన వస్తే తులసి బదులు హోరాఫా అనే వేరే ఆకు వాడారు. ఇది పేరున్న హోటల్‌కు వెళ్లి తినాల్సింది కాదు. మధ్యాహ్నం స్కూలు పిల్లలు, మోటర్‌సైకిల్ టాక్సీవాళ్లు కూర్చున్న ఏ సందు కొట్లోనైనా అరవై నుంచి ఎనభై బాత్‌లకు దొరుకుతుంది. ‘ఫత్ కఫ్రావ్ కై, ఖై దావ్, ఫెత్’ అంటే చాలు.

ఇక శాకాహారి సంగతి. జాగ్రత్త మొత్తం ఇక్కడే కావాలి. ‘నో మీట్’ అని ఇంగ్లీషులో చెబితే మాంసం ముక్కలు తీసేస్తారు, అంతే. చేప సాస్, ఆయిస్టర్ సాస్, కూర ముద్దలోని రొయ్యల పేస్టు, నూడుల్స్ పోసే పంది ఎముకల రసం అలాగే ఉంటాయి. అవి వాళ్ల దృష్టిలో మాంసం కావు, మనకు ఉప్పు ఎలాగో అలాగ. అక్కడ శాకాహారానికి రెండు మాటలున్నాయి. ఒకటి ‘మంగ్‌సవిరత్’, మన మాంసవిరతి శబ్దమే. దీంట్లో గుడ్డు, పాలు ఉంటాయి. రెండోది ‘జే’. చైనా బౌద్ధ ఆచారం నుంచి వచ్చింది. మాంసం, చేప, గుడ్డు, పాలు, ఆఖరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మీ స్నేహితుడికి కావలసిన మాట ఇదే. ‘కిన్ జే’ అంటే జే తింటాను అని. పసుపు పచ్చ జెండా మీద ఎర్ర రంగులో 17 అంకెలా కనిపించే రాత ఉన్న కొట్టు ఏదైనా నమ్మి తినొచ్చు. అక్కడ ‘ఫత్ కఫ్రావ్ తావ్ హూ’ అడిగితే తోఫుతో చేసిస్తారు.

జే కొట్లు పగటి పూటవే ఎక్కువ. సామ్‌సెన్ రోడ్డులో మే కైదీ అనే పూర్తి శాకాహార హోటల్ ఉంది, వంట క్లాసులు కూడా నడుపుతారు. ఇంగ్లీషు వచ్చు, మస్సమన్ అనే మసాలా కూర, గుమ్మడికాయ హమ్మస్ అనే ముద్ద బాగుంటాయి, వీధి ధర కంటే కాస్త ఎక్కువ. చీకటి పడ్డాక భద్రమైన దారి చక్రబోంగ్సే రోడ్డు పక్క సందులోని షోషానా. ఇజ్రాయెలీ వంట, దశాబ్దాలుగా అక్కడే ఉంది. ఫలాఫెల్ (శెనగ వడలు), హమ్మస్ (శెనగ ముద్ద), వంకాయ సలాడ్, రొట్టె. థాయ్‌లాండ్ వెళ్లి శెనగ ముద్ద తినడమేమిటి అనిపించొచ్చు. కానీ చేప సాస్ బెడద లేకుండా కడుపు నిండేది ఇక్కడే, నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. మరీ అన్నం పప్పు మీద మనసైతే పాహురత్ వెళ్లండి, బ్యాంకాక్ పాత భారతీయ బజారు. సామ్ యోత్ మెట్రో స్టేషన్ దగ్గర, చక్రఫెత్ రోడ్డు వైపు పంజాబీ హోటళ్లున్నాయి. ఒక్క పూటకు చాలు.

సాధారణ హోటల్లో చెప్పాల్సి వస్తే వాక్యాలు ఇవి: ‘మై సై నామ్ ప్లా’ (చేప సాస్ వద్దు), ‘మై సై కపి’ (రొయ్యల పేస్టు వద్దు), ‘మై సై నామ్ మన్ హోయ్’ (ఆయిస్టర్ సాస్ వద్దు). బొప్పాయి సలాడ్‌కు వీటితో పాటు ‘మై సై కుంగ్ హేంగ్’, ఎండురొయ్యలు వద్దని. అయినా అదే రోట్లో ఇందాక ఎండురొయ్యలే దంచి ఉంటారు. అది ఒప్పుకోలేనివారు జే కొట్టు దాటి రాకపోవడమే మంచిది. కొబ్బరిపాలతో చేసిన జిగురు అన్నం, మామిడిపండు మాత్రం నిశ్చింతగా తినొచ్చు. తనావ్ రోడ్డులో దక్షిణంగా నడిస్తే కోర్ పానిచ్ అనే పాత కొట్టు ఉంది, దీనికే పేరు. సాయంత్రానికి మూసేస్తారు, ఎక్కువగా పొట్లం కట్టించుకుని వెళ్తారు. అసలు మామిడి కాలం మార్చి నుంచి జూన్, డిసెంబరులో పండు దొరుకుతుంది గానీ ఆ తీపి ఉండదు.

సాయంత్రం ఐదున్నరకు ఫ్రా ఆథిత్ రోడ్డు మీద ఉండండి. తెల్లటి ఫ్రా సుమేన్ కోట, పక్కన నది ఒడ్డు పార్కు. కోటకు ఎదురుగా రోటీ మతాబా, 1943 నుంచి నడుస్తున్న ముస్లిం కొట్టు. ముందు భాగంలో పెద్ద పెనం, దాని వెనక పిండి ఉండల వరుస. ఉండను నూనె రాసిన బండ మీద అరచేత్తో వత్తి, గాల్లోకి విసిరి, కాగితంలా పల్చబడ్డాక పెనం మీద పరుస్తారు. మధ్యలో కూర, ఉల్లి, గుడ్డు పోసి నాలుగు వైపులా మడిస్తే మతాబా. కూర లేకుండా మడిస్తే రోటీ, మన పరోటాకు చుట్టం. హలాల్ కాబట్టి పంది భయం లేదు. గొడ్డుమాంసం మతాబా కూడా ఉంటుంది కాబట్టి ‘కై’ అని స్పష్టంగా చెప్పండి. మస్సమన్ కోడికూరలో రోటీ ముంచుకు తినడం నా మొదటి సిఫారసు. శాకాహారి స్నేహితుడు మాత్రం పిండిలో గుడ్డు కలిపారేమో అడిగి తీసుకోవాలి. సోమవారం సెలవు. అదే రోడ్డులో ఆకుపచ్చ ముఖద్వారం ఉన్న ఖున్ దేంగ్ కొట్టు వియత్నాం పద్ధతి జిగురు నూడుల్స్‌కు ప్రసిద్ధి, పంది రసం. నాలుగో ఆయన్ను అక్కడికి పంపండి. నాయ్ సోయ్ అని ఇంకోటి కనిపిస్తుంది. అది గొడ్డుమాంసం నూడుల్స్ కొట్టు, మిగతా ముగ్గురూ దాటి వెళ్లండి. బళ్ల మీద పుల్లకు గుచ్చిన ఉండలు ‘లూక్ చిన్’. చేప, పంది, గొడ్డు మూడు రకాలూ చూపుకు ఒకేలా ఉంటాయి. అడగకుండా నోట్లో పెట్టుకోకూడదు.

ప్యాడ్ థై గురించి మీరు తప్పక ఆలోచిస్తారు కాబట్టి చెబుతాను. ఖావ్ సాన్ బళ్ల మీది ప్యాడ్ థై అంతా చెడ్డది కాదు, కానీ పెనం చూసి కొనాలి. ముందే ఉడికించిన నూడుల్స్ గుట్టగా పోసి ఉంటే అది ముద్దవుతుంది. నానబెట్టిన సన్నటి బియ్యపు సేమ్యా అప్పటికప్పుడు వేయిస్తున్నారా, చింతపండు రసం సీసా కనిపిస్తోందా, మొలకలు, వెల్లుల్లి కాడలు పచ్చిగా పక్కన ఉన్నాయా చూడండి. ‘ఏ నూడుల్స్ కావాలి, పసుపువా వెడల్పువా’ అని అడిగే బండి సోయా సాస్ పోసి రంగు తెస్తుంది. అసలైన దానికోసం మహాచాయ్ రోడ్డులోని థిప్‌సమై, పద్దెనిమిది నిమిషాల నడక. ఆ చోటు పాత పేరు ప్రతూ ఫీ, దెయ్యాల ద్వారం. ఒకప్పుడు శవాలను నగరం దాటించిన గుమ్మం. గుడ్డు పల్చటి వస్త్రంలా పోసి నూడుల్స్‌ను అందులో చుట్టిస్తారు. రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే పేరున్న కొట్లలో ఇదొకటి. వరుస పొడుగ్గా ఉన్నా త్వరగా కదులుతుంది. రొయ్యల నూనె వాడతారు, శాకాహారికి పనికిరాదు. రెండడుగుల దూరంలో మిషెలిన్ నక్షత్రం ఉన్న జే ఫాయ్. ఒక్క పీత ఆమ్లెట్ వెయ్యి బాత్‌లు దాటుతుంది, గంటల తరబడి నిరీక్షణ. నాలుగు రోజుల యాత్రలో ఒక పూట మొత్తం దానికి ఇవ్వడం నాకు సబబుగా అనిపించదు. క్రువా అప్సోన్ ఆమ్లెట్ అంతకంటే చాలా తక్కువ ధరకే వస్తుంది.

కాఫీకి వద్దాం. ఖావ్ సాన్ మీది యంత్రాల కాఫీ ఎక్కడైనా దొరికేదే. ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లు ‘కఫే బోరాన్’ అడగాలి, అంటే పాతకాలపు కాఫీ. పొడవాటి గుడ్డ సంచిలో పొడి పోసి వేడినీళ్లు దింపుతారు, కప్పు అడుగున కండెన్స్‌డ్ మిల్క్ ఉంటుంది, కలుపుకోవడం మీ ఇష్టం. చక్కెర తక్కువ కావాలంటే ‘వాన్ నోయ్’. ఇది చెప్పకపోతే చల్లటి కాఫీ, ఎర్రటి చల్లటి టీ రెండూ పాయసంలా వస్తాయి. పెద్ద ఉయ్యాల దగ్గర సిరిఫోంగ్ రోడ్డులో కోపీ హ్యా తై కీ పొద్దున్నే తెరుస్తుంది. చిన్న పెనంలో వేయించిన గుడ్ల మీద చైనా సాసేజీ, పంది కీమా వేస్తారు కాబట్టి ‘మై అవ్ మూ’ మరవొద్దు. ఇంకా పాతది చరోన్ క్రుంగ్ రోడ్డులోని ఓన్ లోక్ యున్, 1933 నాటిది. చెక్క బల్లలు, రొట్టె మీద సంగ్‌ఖయా అనే గుడ్ల తీపి ముద్ద. తెల్లవారుజామున తెరిచి మధ్యాహ్నానికి కట్టేస్తారు. శని, ఆదివారాలు ఎనిమిది దాటితే వరుసలో నిలబడాల్సిందే.

రాత్రి తీపికి దిన్సో రోడ్డులోని మోంత్ నోమ్ సోత్ ఉంది, 1964 నుంచి పాలు, కాల్చిన రొట్టె అమ్ముతున్నారు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా తెరిచి ఉంటుంది, అంటే మీ వేళకు సరిపోతుంది. మందపాటి రొట్టెను ఘనాలుగా కోసి, పక్కన పాండన్ ఆకు వాసనతో సంగ్‌ఖయా ఇస్తారు. అందులో గుడ్డు ఉంటుంది. శాకాహారికి వెన్న, చక్కెర చల్లినది ఇప్పించండి.

పన్నెండు దాటాక ఆకలేస్తే ‘ఖావ్ తోమ్’ బోర్డు వెతకండి. గంజి అన్నం, పక్కన చిన్న చిన్న కూరలు. ఫక్ బుంగ్ తప్పక తీసుకోండి, అది మన తూటికూర. పెద్ద మంట మీద వెల్లుల్లి, పులిసిన సోయా గింజలతో నిమిషంలో వేయిస్తారు. మందు మీద ఖాళీ కడుపుకు దీనంత హాయి ఇంకోటి లేదు. బకెట్ కాక్‌టెయిల్ తీసుకుంటే స్థానిక రమ్, ఎనర్జీ డ్రింకు, కోలా కలిపి ఇస్తారని తెలుసుకుని, ఇద్దరికి ఒకటి చొప్పున చాలు. మధ్యలో బెజ్జం ఉన్న గొట్టపు ఐసు ఫ్యాక్టరీలో తయారైంది, భయం లేదు. గంజాయి ఆకు బొమ్మ ఉన్న కేఫ్‌లో బిస్కెట్, కేక్ కొనకండి. 2022లో సడలించిన చట్టాన్ని 2025 జూన్‌లో మళ్లీ బిగించి వైద్యుడి చీటీ తప్పనిసరి చేశారు. పొరపాటున ఆ పొట్లం సంచిలో పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే కేసే.

డబ్బు: ఏసీ హోటల్ మెనూ కింద రెండు ప్లస్ గుర్తులుంటే పది శాతం సర్వీసు, ఏడు శాతం పన్ను అదనం. వీధి కొట్లకు కార్డు పనికిరాదు, ఇరవై, యాభై, వంద నోట్లు ఉంచుకోండి. ఏటీఎం మన కార్డుకు ప్రతిసారీ 220 బాత్‌లు, ఆ పైన కూడా పట్టుకుంటుంది కాబట్టి ఒకేసారి తీసుకోవాలి. ఖావ్ సాన్ మూల మీద ఆగి ఉన్న తుక్‌తుక్, టాక్సీ ఎక్కకుండా రాచదమ్నోన్ రోడ్డు దాకా నడిచి, కదులుతున్న టాక్సీ ఆపి మీటరు వెయ్యమనండి. 35 బాత్‌లతో మొదలవుతుంది.

రోజుల లెక్క చివరగా. సోమవారం వీధి బళ్లు బాగా తగ్గిపోతాయి, ఆ రోజు హోటల్ భోజనం పెట్టుకోండి. డిసెంబరు 5, 10, 31 తేదీలు ప్రభుత్వ సెలవులు. కుటుంబాలు నడిపే కొట్లు వాటి పక్క రోజులు కూడా కలిపి మూసేస్తుంటాయి. బయలుదేరే ముందు ఆ కొట్టు ఫేస్‌బుక్ పేజీ ఒకసారి చూడండి, థాయ్‌లో సెలవు ప్రకటనలు అక్కడే పెడతారు.